హేమలత పేరు మీద ఎర్రగీత

1998లో నేను బందరు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద ఒక రొయ్యల కంపెనీలో టైమ్ ఆఫీసు గుమాస్తాని. రొయ్యల కంపెనీ అంటే చాలామంది చెరువులనుకుంటారు. కాదు. చెరువుల దగ్గర్నుంచి ఐసులో వచ్చిన రొయ్యలకి తలలు తీసి, పొట్టు ఒలిచి, కడిగి, గడ్డకట్టించి విదేశాలకు పంపే చోటు. ఒలిచే పని జరిగే గదిని పీలింగ్ హాలు అనేవాళ్ళం. చల్లటి హాలు, పొడుగాటి స్టీలు బల్లలు, వాటికి అటూ ఇటూ నిలబడి పనిచేసే ఆడపిల్లలు. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లౌజులు, కాళ్ళకి గమ్‌బూట్లు. హాల్లో కళ్ళు తప్ప మనిషి కనపడదు.

నా పని మస్టర్, అంటే హాజరు పట్టీ. పొద్దున్నే గేటు లోపల అందర్నీ వరసగా నిలబెట్టి పేర్లు పిలవాలి. పలికితే టిక్కు, మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ‘ఏ’, అంటే ఆబ్సెంటు. పని మానేసినవాళ్ళ పేరు మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టాలి. మిగతా గుమాస్తాలు చేతికొచ్చినట్టు గీసి పారేసేవాళ్ళు. నేను మాత్రం స్కేలు పెట్టి కొట్టేవాణ్ణి. శుభలేఖ వస్తే అందరూ ముహూర్తం చూస్తారు, ఈయన అచ్చుతప్పులు చూస్తాడు అని మా ఆవిడ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. నా చాదస్తం అలాంటిది. కాగితం మీద తప్పుంటే నాకు అన్నం సహించదు.

ఆ వేసవిలో కొత్తవాళ్ళని తీసుకున్నారు. పాతికేళ్ళ లోపు ఉండాలి, పదో తరగతి పాసై ఉండాలి. రొయ్య ఒలవడానికి పదో తరగతి ఎందుకయ్యా అంటే, వయసుకి రుజువు ఆ సర్టిఫికెట్టే కాబట్టి. వయసు మళ్ళినవాళ్ళకి చలికి వేళ్ళు పట్టేస్తాయని మా మేనేజరు గారి నమ్మకం. అర్జీలు పెట్టుకున్నవాళ్ళకి ‘ఫలానా రోజున హాజరు కావలెను’ అని ఉత్తరాలు రాసింది నేనే.

ఆ రోజు గేటు దగ్గర పేర్లు పిలుస్తున్నాను. “ఎన్. హేమలత.” ఎవరూ పలకలేదు. గొంతు పెంచి రెండోసారి పిలిచాను. లేదు. మూడోసారి పిలిచి, ‘ఏ’ వేయబోతుంటే గుంపు వెనక నుంచి వినిపించింది.

“ఉన్నానండి.”

సన్నటి మనిషి. ఎండకి కమిలిన మొహం. పాత నీలం చీర. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నేను రాసిన ఉత్తరం, పదో తరగతి సర్టిఫికెట్టు. ఊరు కోడూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె. సర్టిఫికెట్టు లెక్కన ఇరవయ్యేళ్ళు.

“ఇరవయ్యేనా అమ్మాయ్ నీకు?” అన్నాను.

“ఎండన పడి తిరిగేవోళ్ళం గదండీ. ముదురుగా కనపడతాం,” అంది తల వంచుకుని.

పక్కనే ఉన్న హాలు సూపర్‌వైజరు సుగుణమ్మ గారు లోపల్నుంచి తెప్పించిన ట్రేలోంచి నాలుగు రొయ్యలు తీసి ఆమె ముందు పెట్టింది. నేను సర్టిఫికెట్టు చదవడం పూర్తయ్యేలోపు హేమలత నాలుగూ ఒలిచేసింది, వెన్ను మీది నల్ల నరంతో సహా తీసి.

“నాకు కావలసింది వేళ్ళండీ, మొహం కాదు. రాసుకోండి,” అంది సుగుణమ్మ గారు.

రాసుకున్నాను. సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలని ఒక వరస ఉంటుంది. ‘కుడి చెంప మీద మచ్చ’ అని ఉంది. అది పుస్తకంలోకి ఎక్కించాను గానీ, తలెత్తి ఆ చెంప చూడలేదు. కాగితం సరిగ్గా ఉంటే చాలనుకునే రకం నేను.

దూరం ఊళ్ళవాళ్ళ కోసం కంపెనీ వెనకే హాస్టలుండేది. హేమలత అందులో చేరింది. మొదటి నెల ఎవరితోనూ మాట్లాడేది కాదట. తర్వాత నేను చూస్తుండగానే మనిషి మారిపోయింది. చీర పోయి పంజాబీ డ్రెస్ వచ్చింది. జడకి రంగు క్లిప్పులు. సెలవు రోజున పిల్లలంతా మ్యాటినీకి బందరు వెళ్తుంటే అందరికంటే ముందు గేటు దగ్గర ఈమే నిలబడేది.

“ఏంటమ్మాయ్ హేమలతా, ఇవాళ కూడా సినిమానేనా? కంపెనీ నీదా, సినిమా హాలు నీదా?” అని నేను దెబ్బలాడితే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేది. హాస్టల్లో వానాకాలం వస్తే తొక్కుడు బిళ్ళాడేదని, మిగతా పిల్లలు ఆమెని ఓడించలేకపోయేవాళ్ళని సుగుణమ్మ గారు చెప్పేది. కుడి చెంప మీద చక్కగా మచ్చ ఉండేది. చెప్పొద్దూ, రెండేళ్ళలో నాకు కూడా ఆమె ఇరవై రెండేళ్ళ పిల్లలాగే కనపడసాగింది. రోజూ పొద్దున్నే ఆ పేరు పిలవడం, ఆ వరసలో అందరికంటే గట్టిగా “ఉన్నానండి” అని వినపడటం నాకు అలవాటైపోయింది.

2000లో సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒకాయన ఇన్‌స్పెక్షనుకి వచ్చాడు. హాల్లోకి గాజులు, పూలు, బొట్టు, కాటుక ఏవీ రాకూడదు, సరుకులో పడతాయని. పిల్లలు విడిచిన మాస్కులన్నీ ఆయన తిరగేసి చూస్తే ఒకదాని లోపల నల్లటి మరక కనపడింది. కాటుక. మాస్కు మీద నంబరు హేమలతది. సంజాయిషీ రాయించమని మేనేజరు గారు ఆమెని నా దగ్గరికి పంపారు.

లోపలికొచ్చి నిలబడింది. మొహం కడుక్కున్నట్టుంది, తడిగా ఉంది. అప్పుడు మొదటిసారి నేను ఆ మొహం దగ్గర్నుంచి సరిగ్గా చూశాను. కుడి చెంప మీద ఏమీ లేదు. పుస్తకం తీశాను. ‘కుడి చెంప మీద మచ్చ.’

“ఏంటమ్మాయ్ ఇది?” అన్నాను.

చేత్తో ఆ చెంప తడుముకుంది. తర్వాత కుర్చీ పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

“నా పేరు నాంచారమ్మండీ. హేమలత మా పిల్ల. పచ్చకామెర్లొచ్చి పోయింది. అది పోయిన నెలన్నరకి మీ ఉత్తరం వచ్చింది.”

నేను పుస్తకం మూసేశాను.

“ఉద్యోగానికి రాలేదండీ నేను. ఒట్టు. పిల్ల లేదని చెప్పి, ఆ కాగితాలిచ్చేసి పోదామని వచ్చాను. దానికోసం మీరంతా ఎదురుచూస్తారేమోనని. మీరేమో పిలిచారు. ఒకసారి పిలిచారు, రెండుసార్లు పిలిచారు. అంతమందిలో దాని పేరు అట్టా పలికేవోళ్ళు లేకుండా పోతా ఉంటే నా పేణం ఆగలేదు గుమాస్తాగారూ. నోరు దానంతటదే పలికింది.”

పద్నాలుగేళ్ళకే పెళ్ళయిందట. పద్దెనిమిదికి హేమలత పుట్టింది. పిల్లకి మూడేళ్ళప్పుడు మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. తలమీద చేపల గంప పెట్టుకుని ఊళ్ళు తిరిగి పిల్లని పదో తరగతి దాకా చదివించింది. ఇప్పుడు ఆమెకి నలభై.

“ఇక్కడ ఆ పిల్లలతో నవ్వతా ఉంటే, వయసంటే ఇదా అనిపించిందండీ. నాకు తెలీదుగా. కానీ తప్పేగా. దాని వయసు నేను వాడేసుకున్నాను,” అని ఏడ్చింది.

నాకూ ఏడుపొచ్చింది. ఎలాగైనా ఈమె ఉద్యోగం నిలబెట్టాలనుకున్నాను. ఇక్కడే నా చాదస్తం నెత్తికెక్కింది. ఆమె పోగొట్టుకోబోయేది ఉద్యోగం అనుకున్నాను. అది కాదని నాకు తట్టనే లేదు.

మేనేజరు గారి చుట్టూ నాలుగు రోజులు తిరిగాను. హాలు మొత్తానికి అంత శుభ్రంగా ఒలిచే మనిషి లేదని సుగుణమ్మ గారు కూడా గట్టిగా చెప్పింది. చివరికి ఆయన మెత్తబడి, వయసు సంగతి చూసీ చూడనట్టు వదిలేస్తాం, అసలు పేరుతో కొత్తగా చేరినట్టు రాయమన్నారు. ఉద్యోగం దొరికింది నాకే అన్నంత సంబరపడ్డాను. ఆమెని పిలిపించాను.

“నాంచారమ్మగారూ, కూర్చోండి. ఇక మీకే భయమూ లేదు. రేపట్నుంచి మీ సొంత పేరు, మీ సొంత వయసు.”

అంతవరకూ ‘అమ్మాయ్, నువ్వు’ అనేవాణ్ణి. నాకంటే ఆరేళ్ళు పెద్దదని తెలిశాక ‘గారూ, మీరూ’ అన్నాను, మర్యాద చేస్తున్నాననుకుని. ఆమె మొహం అప్పుడే వాడిపోయింది.

“వయసు ఒక్కటే మార్చి, పేరు ఉంచితే కుదరదాండీ?” అని అడిగింది.

“చనిపోయిన మనిషి పేరు మస్టర్లో ఎలా ఉంచుతామమ్మా?” అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. అని ఊరుకున్నానా? ఆమె ఎదురుగానే పుస్తకం తెరిచి, ఎన్. హేమలత అన్న పేరు మీద స్కేలు పెట్టి, ఎర్ర ఇంకుతో గీత కొట్టాను. తిన్నగా, ఎక్కడా వంకర పోకుండా. ఆమె ఆ గీత మొదట్నుంచి చివరిదాకా చూసింది. లేచి వెళ్ళింది.

మర్నాడు వరసలో “నాంచారమ్మ” అని పిలిచాను. ఆమె గొంతు సరిగ్గా వినపడక మళ్ళీ పిలవాల్సి వచ్చింది. చీరలో వచ్చింది. జడ పోయి ముడి వచ్చింది. హాస్టలు పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు. నిన్నటిదాకా ‘ఏమే హేమా’ అన్నవాళ్ళు ‘పిన్నీ’ అనడం మొదలుపెట్టారు. గోడవార మంచం ఖాళీ చేసి ఆమెకిచ్చారు, పెద్దావిడకి గాలి తగలకుండా ఉంటుందని. ఆదివారం సినిమాకి వెళ్తూ “నువ్వెందుకులే పిన్నీ, పడుకో” అన్నారట. ఎవరూ తప్పు చేయలేదు. అందరం మర్యాదే చేశాం.

పదిహేను రోజులకి ఆమె వేళ్ళు కూడా నెమ్మదించాయని సుగుణమ్మ గారు బాధపడింది. నెల తిరక్కుండా ఒకరోజు పిలిస్తే పలకలేదు. హాస్టల్లో పెట్టె కూడా లేదు.

పది రోజులు రాకపోతే నోటీసు పంపాలి. నేను పోస్టులో వేయలేదు. అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి కోడూరు, అక్కణ్ణుంచి ఎవరిదో మోటార్ సైకిల్ వెనక కూర్చుని ఆ పల్లె చేరాను. గుడిసె ముందు వల పరిచి దాని మీద చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి కంగారుగా లేచి, నులక మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చింది.

“పనికి రండమ్మా. అందరూ అడుగుతున్నారు,” అన్నాను.

“ఎవర్ని అడుగుతున్నారండీ?” అంది. కోపంగా కాదు.

తర్వాత తనే చెప్పింది. “ఊళ్ళో దాని పేరు ఎత్తరండీ. నాకు బాధని మానేశారు. మీ దగ్గరైతే రోజూ పిలిచేవోరు. అది డ్యూటీకి వచ్చినట్టే ఉండేది. చెంప మీద కాటుక చుక్క పెట్టుకుని అద్దంలో చూసుకుంటే దాన్ని తయారుచేసి పంపుతున్నట్టుండేది. నాంచారమ్మ ఎక్కడ ఒలిస్తే ఏముందండీ. ఇక్కడా చేపలున్నాయి.”

నేను క్షమించమని అడిగాను. వయసులో చిన్నవాణ్ణి, కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దని వెనక్కి జరిగింది. అన్నం పెట్టింది. తిని లేచాక, చేతులు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది.

“గుమాస్తాగారూ, ఒక్కసారి పిలుస్తారా? మస్టర్లో పిలిచినట్టే.”

ఆ ఇసకలో నిలబడి పిలిచాను. “ఎన్. హేమలత.” ఆమె వరసలో నిలబడ్డట్టే చేతులు కిందికి పెట్టుకుని తిన్నగా నిలబడింది. పలకలేదు. రెండోసారి పిలిచాను. మూడోసారి కూడా పిలిచాను. ఆమె పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. కాసేపటికి నా వైపు చూసి, “ఇక రాదండీ,” అంది. చేపలు తిరగేయడానికి కూర్చుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పని చేశాను. ఎవరి పేరు మీదైనా గీత కొట్టాల్సి వస్తే అందరూ వెళ్ళిపోయాక కొట్టేవాణ్ణి. కాగితం మీద తప్పు కనపడితే వెంటనే దిద్దకుండా, ఆ తప్పు పట్టుకుని ఎవరైనా బతుకుతున్నారేమోనని ముందు అడిగేవాణ్ణి. ఈ సంగతి నాకు నేర్పడానికి ఒక మనిషి తన కూతుర్ని రెండోసారి పోగొట్టుకోవాల్సి వచ్చింది. నాకు ఆ సిగ్గు పోలేదు, పోదు కూడా.

ఆ రోజు పల్లె నుంచి కంపెనీకి తిరిగొచ్చాక నాంచారమ్మ పేరు మీద గీత కొట్టాలి. గడువు దాటిపోయింది. స్కేలు తీశాను, కలం తీశాను, మళ్ళీ సొరుగులో పెట్టేశాను. నా సర్వీసు మొత్తమ్మీద మస్టర్లో తెలిసి ఉంచిన తప్పు అదొక్కటే. ఆ పుస్తకం నిండి కొత్తది వచ్చేదాకా రోజూ పొద్దున్నే ఆ పేరు పిలిచాను. ఎవరూ పలకరని తెలిసీ, మూడుసార్లు.