ద్రాక్ష వాసన

ఆసుపత్రిలో ఆమె వెనకాల అందరూ ‘జోస్యాలమ్మ’ అనేవారు. రోగుల చీము, నెత్తురు, మూత్రం కింది అంతస్తులోని ఆమె ల్యాబుకు వచ్చేవి. వాటిలోని క్రిమిని గాజు పళ్లెంలో పులిమి, పైన ఒక్కో మందులో తడిపిన కాగితపు బిళ్లలు పేర్చి, వెచ్చటి పెట్టెలో ఉంచేది. మర్నాటికి క్రిమి పళ్లెమంతా పొగమంచులా పరుచుకునేది. పనిచేసే మందు బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. ఆ ఖాళీ ఎంత పెద్దదైతే రోగికి అంత ఆశ. ఆమె చెప్పిన మందునే పై అంతస్తు డాక్టర్లు ఎక్కించేవారు. రోగుల మొహాలు ఆమె చూడలేదు. చూడాలని అనిపించేదీ కాదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక పళ్లెంలో ఖాళీ అన్నదే కనిపించలేదు. తన చేతి పొరపాటేమోనని మళ్లీ మొదటినుంచి చేసింది. మళ్లీ అంతే. మూత తీయగానే మగ్గిన ద్రాక్షపళ్ల వాసన వచ్చింది. పళ్లెం అడుగు లేత ఆకుపచ్చగా ఉంది. ఆ జాతి క్రిమికి ఆ రంగూ వాసనా మామూలే. కానీ ఏ మందుకూ బెదరకుండా, బిళ్ల అంచులదాకా ఎక్కి కూర్చున్న క్రిమిని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ రోగి పోయాడు. కొన్నాళ్లకు అలాంటి పళ్లెమే ఇంకొకటి, తర్వాత మరొకటి. ఒకరు కాలు విరిగిన మేస్త్రీ, ఒకరు కడుపు కోయించుకున్న టీచరు. ఒకరినొకరు ఎరగరు. అందరూ ఉన్నది మాత్రం ఆపరేషన్ తర్వాత పడుకోబెట్టే వార్డులోనే.

సరిగ్గా అప్పుడే, ఆమెను చిన్నప్పటినుంచీ సాకిన మేనత్తకు కడుపునొప్పి ముదిరింది. వేరే ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి లేదు. ఆపరేషన్ చేసి, ఆ వార్డులోనే మంచం ఇచ్చారు.

జోస్యాలమ్మ మొదటిసారి మెట్లెక్కి పైకి వెళ్లింది. అక్కడి పెద్ద సిస్టర్ శుభ్రానికి పెట్టింది పేరు. దుమ్ము కూడా ఆవిడ అనుమతి అడిగి వాలాలని ఆయాలు నవ్వుకునేవారు.

“మా వార్డులో క్రిమా?” అంది సిస్టర్, నడుం మీద చేతులు పెట్టుకుని. “ఈ నేల మీద వడ్డించుకు తినొచ్చు మేడమ్. ముందు మీ ల్యాబు కడిగించుకోండి.”

సిస్టర్ మాట అబద్ధం కాదు. మంచాల పట్టీలు, తలుపు గడియలు, దుప్పట్లు, ఫ్యాను రెక్కలు అన్నీ దూదిపుల్లతో తుడిచి చూసినా ఆ క్రిమి దొరకలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

ఒక మధ్యాహ్నం జోస్యాలమ్మ అత్త పక్కన కూర్చుని ఉంది. అత్త ఒళ్లు కాలుతోంది. అయినా నోరు ఊరుకోవడం లేదు.

“ఏమే, ద్రాక్షపళ్లు తెచ్చి దాచుకున్నావా? నాకూ రెండు పెట్టవే.”

“నేనేం తేలేదత్తా.”

“మరి వాసనొస్తోందిగా! పిసినారి దానా.”

ఆమె లేచి నిలబడింది. ఆ వాసన అత్త కడుపు మీది కట్టులోంచి వస్తోంది.

అప్పుడే కట్టు మార్చడానికి సిస్టర్ వచ్చింది. అయిపోయిన డ్రిప్పు సీసాలో అడుగున మిగిలిన మందును చేతులు కడుక్కునే సింకులో వంపింది. పారేసేబదులు ఇలా పోస్తే గొట్టం కూడా శుభ్రపడుతుందని ఆ వార్డులో ఎప్పటినుంచో అలవాటు. తర్వాత సబ్బుతో మోచేతులదాకా ఓపిగ్గా కడుక్కుంది. నీళ్లు జాలీ మీద పడి, చేతుల మీదికి చిందుతున్నాయి.

జోస్యాలమ్మ వంగి సింకును వాసన చూసింది. అదే ద్రాక్ష వాసన.

“ఒక్కసారి ఆ చేతులు ఇలా ఇవ్వండి సిస్టర్” అంది.

వార్డులో అందరి చేతులూ కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి తుడిచింది. కడగని చేతుల్లో ఆ క్రిమి లేదు. కడిగిన చేతులన్నిటిలోనూ ఉంది. ఎక్కువసార్లు కడిగే పెద్ద సిస్టర్ చేతుల్లో అందరికంటే దట్టంగా ఉంది. సింకు గొట్టంలో, చీకట్లో, అది అన్ని మందులనూ కొంచెం కొంచెంగా రుచి చూస్తూ పెరిగింది.

సంగతి విన్నాక సిస్టర్ చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుంది.

అత్త చీము పులిమిన పళ్లెంలో ఒకే ఒక బిళ్ల చుట్టూ గోటి అంచంత ఖాళీ ఉంది. అది డాక్టర్లు దాదాపు మర్చిపోయిన పాత మందు, ఆమె ఈసారే వెతికి పెట్టింది.

“చెవులు పోతాయి” అన్నాడు సర్జన్. “ఈ వయసులో, ఇంత డోసులో, ఖాయంగా పోతాయి. ఏం చేద్దాం?”

ఆమె అత్తను అడిగింది.

“నేను వినేదెప్పుడే? చెప్పేదే ఎక్కువ” అంది అత్త. “ఎక్కించమను.”

అత్త బతికింది. జ్వరం దిగేసరికి వినికిడి పూర్తిగా పోయింది. వార్డులో సింకు పీకేసి, గోడ తవ్వి, గొట్టాలు మార్చారు. పెద్ద సిస్టర్ సెలవు పెట్టి వెళ్లిపోయింది. తప్పు సింకుదేననుకున్నారు గాని, సీసాలు వంపే అలవాటు మానమని కొత్త సిస్టర్‌తో ఎవరూ అనలేదు. అత్త డ్రిప్పు సీసాల అడుగున మిగిలిన పాత మందును ఆ కొత్త సిస్టర్ రోజూ వసారా చివరి సింకుదాకా మోసుకెళ్లి మరీ పోసింది.

జోస్యాలమ్మ ఆ సంగతి తెలిసి వెళ్లి, ఆ గొట్టంలో దూదిపుల్ల తిప్పి తెచ్చింది. మర్నాడు పెట్టె తెరిచేసరికి గదంతా తియ్యటి వాసన. పాత మందు బిళ్ల చుట్టూ కూడా ఖాళీ లేదు.

రోగులకు మందులు చెప్పే ఉద్యోగం ఆమె ఆ నెలే వదిలేసింది. దూరంగా ఒక పరిశోధనశాలలో, రెండు తలుపులు దాటి వెళ్లే గదిలో ఇప్పుడు ఆ క్రిమితోనే పని. అది ఏం నేర్చిందో, ఎలా నేర్చిందో తెలియాలంటే ముందు అది చావకూడదు. వేళకు వెచ్చదనం, వేళకు తిండి. సెలవు రోజుల్లో కూడా వెళ్లి చూసి వస్తుంది.

అత్త పెదవులు చూసి మాట పట్టడం నేర్చుకుంది. మొన్న ఎదురుగా కూర్చుని, తన గొంతు తనకు వినపడక గట్టిగా అడిగింది. “ఇన్నేళ్లయింది. చంపేశావా దాన్ని?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“మరి రోజూ వెళ్లి ఏం చేస్తున్నావే?”

ఆమె ఐదు వేళ్లూ కలిపి, గాలిలో ఎవరికో ముద్ద అందిస్తున్నట్టు చూపించింది.

అత్త ఆ చేతి వంకే చూసింది. ఒక చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీది మచ్చ దగ్గరికి వెళ్లింది.

“దానికా?” అంది. మొదటిసారి గొంతు తగ్గించి.