మోయని దూలం

భారం మోయని దూలాన్ని చూస్తే ఒక మనిషికి అంత కోపం ఎందుకు రావాలి? ఇన్నేళ్ళయినా నాకు జవాబు దొరకలేదు. మా వియ్యంకుడు ధర్మారావు గారికి మాత్రం వచ్చేది. దూలం గానీ స్తంభం గానీ కనబడితే చాలు, వేలి కణుపులతో టకటకా కొట్టి, "ఇదేం మోస్తుంది?" అని నిలదీసేవారు. ఏమీ మోయడం లేదని తేలితే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు.

ఆయన నలభై ఏళ్ళు రోడ్లు భవనాల శాఖలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌. 2009 వేసవిలో ఇద్దరం విదేశంలో, ట్రాయ్‌లో పిల్లల దగ్గరున్నాం. దిగిన రోజే గుమ్మం ముందున్న తెల్ల స్తంభాన్ని కొట్టి, "డొల్ల! ఒరేయ్ ఉమాకాంత్, ఇది స్తంభమా, కర్టెన్ రాడ్డా?" అని కొడుకు మీద విరుచుకుపడ్డారు. రెండు రోజులు పెరటి తలుపులోంచే రాకపోకలు.

అలాంటి మనిషిని మా అల్లుడు ఉమాకాంత్ ఒక శనివారం జర్మన్ మేడ చూపించడానికి తీసుకెళ్ళాడు. కారు విడిభాగాలతో గడించిన ఒకాయన, పాతకాలపు జర్మన్ పల్లె జమీందారుల మేడల తీరులో 1927లో కట్టించుకున్నదది. నిటారు కప్పు, తెల్లగోడల మీద నిలువుగా, ఐమూలగా నల్లటి దూలాలు. చూపించే గైడ్ మిసెస్ క్రౌస్, డెబ్బై దాటిన జర్మన్ ఆవిడ.

"ఈ దూలాల పనితనం వందల ఏళ్ళ నాటిది," అందావిడ.

టక్ టక్. "ఇదేం మోస్తుంది?"

"అంటే?"

"లోపలున్నది ఇటుక గోడ. పైన ఇంచీ చెక్క మేకులేసి కొట్టారు. దూలం కాదిది, మేకప్పు!"

ఆవిడ ముఖం కందగడ్డయింది. "నాకు తెలియదనుకున్నారా? నేను పుట్టిందే అసలైన మేడలో! మా అమ్మ అక్కడ వంటమనిషి. ఏడేళ్ళప్పుడు యుద్ధంలో పారిపోయాం. మేడ కాలిపోయింది. ఒక్క ఫోటో లేదు. ఈ నకిలీ తప్ప నాకు చూసుకోవడానికి ఏముంది?"

ఇంకెవరైనా క్షమాపణ అడుగుతారు. ఈయన, "అయితే అందులో వంటిల్లు ఏ మూల?" అన్నారు.

ఇక ప్రతి శనివారం అదే పని. నేను పుస్తకంతో బెంచీ మీద, వాళ్ళిద్దరూ యుద్ధంలో. ఆయన ఇంగ్లీషూ ఆవిడ ఇంగ్లీషూ రెండూ అరువువే కాబట్టి పోరు సమంగా సాగేది.

"మెట్లు నట్టనడుమనా? అబద్ధం!"

"నడుమనే! పదకొండు మెట్లు. ఆరోది కిర్రుమనేది!"

"ధాన్యం కొట్టు ఇంటికి ఎదురుగానా? ఎలకలు రావూ?"

"అందుకే పిల్లిని పెంచాం!"

"సరే, వంటింటి దూలం ఏం మోసేది?"

"పై అంతస్తు మోసేది! ఆరబెట్టడానికి వేలాడదీసిన పంది తొడలు మోసేది! వాటికోసం ఎక్కిన పిల్లినీ మోసేది! చాలా?"

నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు కారులో అడిగేశాను. "అన్నయ్యగారూ, పెద్దావిడని ఎందుకండీ అలా ఉడికిస్తారు?"

"తలుపు వెడల్పు పోయినవారం నాలుగడుగులంది వదినగారూ, ఇవాళ ఐదంటోంది! ఊరుకోమంటారా?"

ఆయన ఇండియా ప్రయాణానికి ముందు శనివారం చేతిలో చుట్టిన కాగితంతో వచ్చారు. "ఈవాళేం తప్పు?" అంది మిసెస్ క్రౌస్. ఆయన కాగితాన్ని ఆవిడ బల్ల మీద పడేసి బయటికి నడిచారు.

ఇద్దరం విప్పి చూశాం. కాలిపోయిన మేడ. ప్లాను, ముందువైపు ఎలివేషను, నిలువునా కోసి చూపే సెక్షను, ముత్యాల్లాంటి అక్షరాలు. ఎదురుగా ధాన్యం కొట్టు. పదకొండు మెట్లు. తలుపు నాలుగున్నర అడుగులు. వంటింటి దూలానికి బాణం గుర్తు వేసి, "మోసేవి: పై అంతస్తు, పంది తొడలు, పిల్లి" అని ఇంగ్లీషులో రాసి ఉంది.

కాగితం మీద ఆవిడ వేలు తలుపులోంచి లోపలికి వెళ్ళింది. మెల్లగా మెట్లెక్కింది. ఆరో మెట్టు దగ్గర ఆగింది. "కిర్ర్," అంది.

అంతలోనే ఉలిక్కిపడి, "పొయ్యి కుడి పక్క వేశాడు! ఎడమ పక్కని చెప్పలేదూ?" అంటూ కాగితం పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తింది. వెనకే నేనూ.

అప్పటికే ఆయన కారులో కూర్చుని అద్దం పైకెత్తేశారు. ఇటు తల తిప్పనైనా లేదు. డాష్‌బోర్డు మీది చెక్క పట్టీని టకటకా కొడుతూ కొడుకు మీద కేకలేస్తున్నారు. ఆ గొడవలో ఉమాకాంత్ నన్ను ఎక్కించుకోవడం కూడా మరచి కారు పోనిచ్చాడు.