ఎండబెట్టిన కాఫీ తోట

మట్టి పడకనే మా అన్న కాఫీ తోట పోయిందని తొండుపల్లిలో ఇప్పటికీ అంటారు. కొండ పంటను తెచ్చి ఎర్రమట్టి చెలకలో పెడితే ఏమవుతుందని నవ్వుతారు. చాలాకాలం నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. మట్టి పడలేదన్నది నిజం కాదు. నిజం పూర్తిగా నాకూ తెలియదు. తెలిసినంత మేరకు రాస్తున్నాను.

తొంభైల మొదట్లో అన్న లారీ నడిపేవాడు. కర్ణాటక కొండల్లోని కాఫీ తోటలకు ఎరువు బస్తాలు తోలేవాడు. అక్కడ ఒక చిన్న రైతు ఇంట్లో తాగిన కాఫీ ఆయన నాలుక మీద నుంచి పోలేదు. ఆ రైతు ఎర్రగా పండిన పళ్లనే ఏరి, పచ్చివాటిని కొమ్మకే వదిలేసేవాడట. తన పంటను ఇంకొకరి దాంట్లో కలపనిచ్చేవాడు కాదట. అన్న అతని దగ్గర నారు తెచ్చి మా బావి పక్కన మామిడి చెట్ల నీడలో నాటాడు. బాపు ఒకటే షరతు పెట్టాడు. తొలి కాపు పడితే అన్న లారీ మానేసి ఇంటిపట్టునే ఉండి సేద్యం చేసుకోవచ్చు. పడకపోతే మొక్కలు పీకి కూరగాయలు పెట్టాలి, అన్న మళ్లీ స్టీరింగు పట్టాలి.

అన్న ఇంటి దగ్గరే ఉండాలని వదినకు ఎంత ఆశో చెప్పలేను. ఇంట్లో జరిగిన ప్రార్థన కూటంలో ఆ మొక్కల కోసం కూడా ప్రార్థన చేయించింది. పాస్టరుగారు ఎన్నడూ చూడని చెట్లాయె, టీ మొక్కల్ని దీవించమని దేవుణ్ణి అడిగారు. వదిన ఆమేన్ అనేసి, ఆ తర్వాత మెల్లగా కాఫీ అని సరిచేసింది.

రెండు మూడేళ్లకు మొక్కలు నడుమెత్తు దాటాయి. ఆ చలికాలం చివర కణుపుల దగ్గర సన్నని మొగ్గలు కట్టాయి. సరిగ్గా అప్పుడే అన్న నీళ్లు ఆపేశాడు.

మా వైపు కరెంటు వచ్చిందంటే తింటున్న కంచం వదిలి మోటారు వేయడానికి పరుగెత్తుతారు. బావిలో నీళ్లుండగా వాడిపోతున్న మొక్కల్ని చూస్తూ కూర్చునే రైతును మేమెవరమూ ఎరగం. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు మేక చెవుల్లా వేలాడేవి. అవి మేము ఈస్టరు ముందు ఉపవాసాలుండే రోజులు. పక్క చేను పెద్దాయన నన్ను ఆపి, "మీ అన్న మొక్కల్ని గూడ ఉపాసం ఉంచుతున్నడా ఏంది?" అన్నాడు.

నేను అన్నను అడిగాను. మొక్కకు బాగా దప్పికయ్యాక ఒక్కసారి వేరు నిండా నీళ్లు పెడితేనే మొగ్గలన్నీ కలిసి విచ్చుకుంటాయని చెప్పాడు.

"గిట్ల ఎండబెడితే చచ్చిపోతయి గద అన్నా."

"సావయి. జర ఓపిక పట్టు. నువ్వైతే చెయ్యి పెట్టకు."

నాకు అంతు పట్టలేదు. దప్పికతో పూలు పూయడమేమిటి? అన్న మనసు మళ్లీ లారీ మీదికి పోయిందా, తోట పోతే పోనీ అనుకుంటున్నాడా అని కూడా అనుమానపడ్డాను. ఆయన పని మీద బుద్వేల్ వెళ్లిన రోజు బావి నుంచి బిందెలతో మోసి ఒక్కో మొక్క మొదట్లో కొంచెం కొంచెంగా పోశాను. తడి కనిపించకుండా ఎండు మామిడాకులు కప్పాను. మంచే చేస్తున్నాననుకున్నాను. మంచి పనైతే ఎందుకు కప్పానో ఈనాటికీ చెప్పలేను.

ఆకులు లేచాయి. మొగ్గలు ఉబ్బాయి. నాకు సంతోషమైంది. తర్వాత తెల్లగా విచ్చుకోవాల్సిన ఆ మొగ్గలు సగంలోనే ఆగి, ఎర్రబారి, రాలిపోయాయి. అన్న నిండుగా నీళ్లు పెట్టే నాటికి పూయడానికి ఏమీ మిగల్లేదు. బాపు తోటంతా తిరిగి వచ్చి, మన మట్టికి పడలేదని తేల్చాడు. అన్న కాదనలేదు. బిందెల సంగతి నేను దాచాను. పైగా మొక్కలు పీకేటప్పుడు గడ్డపార పట్టుకుని ముందు నడిచింది నేనే. వేసవి దాటకముందే అన్న లారీ ఎక్కాడు.

కొన్నేళ్లకు, కాఫీ తోటల్లో కూలి చేసి వచ్చిన ఒకతను మాటల మధ్య చెప్పాడు, చాలీచాలని తడి తగిలితే మొగ్గ సగం విచ్చి మాడిపోతుందని. అప్పటికి మా వైపు విమానాశ్రయం వస్తుందన్న పుకారు మొదలైంది. ఊరంతా అదే మాట్లాడుతుంటే నేను మాత్రం ఆ బిందెల గురించే ఆలోచిస్తూ అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన లారీ కడుగుతున్నాడు. అంతా చెప్పాను. ఆకులు కప్పిన సంగతి కూడా. ఆయన చెయ్యి ఆపలేదు.

"నువ్వొక్కనివే పోసినవనుకుంటున్నవా?" అన్నాడు.

"అంటే?" అన్నాను.

"నేను గూడ పోసిన. చూడబుద్ధి కాలే."

ఎప్పుడని అడిగాను. నాకన్నా ముందా, తర్వాతా? యాదికి లేదన్నాడు. నిజంగానే పోశాడో, నా బాధ చూడలేక అన్నాడో తేల్చుకోలేకపోయాను. పోశాడే అనుకుందాం, మరి బాపు మట్టిని తిట్టినప్పుడు మా ఇద్దరిలో ఒక్కరమూ ఎందుకు నోరు విప్పలేదు? ఆ మట్టి తప్పేమీ లేదని మాత్రం రాయగలను. వదినను అడిగితే ఏమైనా తెలుస్తుందని ఒకటి రెండుసార్లు వాళ్లింటి గడప దాకా వెళ్లాను. తానూ పోశానంటుందేమోనని భయమేసి వేరే మాటలు మాట్లాడి వచ్చేశాను.