లడాయి లింబాద్రి దవాఖాన మంచం

వడ్రంగి వడ్ల లింబాద్రి ప్రాణమడిగినా ఇస్తాడు గానీ బాడిసె అడిగితే ఇవ్వడని ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. బడి బల్లలకు విరిగిన కాళ్లు వేసేవాడు, మంచినీళ్ల బావికి గిరక బిగించేవాడు, చావడి కప్పు కారితే పిలవకముందే నిచ్చెనతో హాజరయ్యేవాడు. అంతా ఊరికే. కట్టె చెక్కే ఆ బాడిసెను మాత్రం ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. ఆయన భార్య గంగాబాయి మద్నూరు నుంచి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే దానితో కొబ్బరికాయ కొట్టబోయి, ఆ ఇంట్లో తన స్థానం రెండోదని తెలుసుకుంది.

లింబాద్రి మొదటి ప్రపంచ యుద్ధానికి, ఊరి మాటలో పెద్ద లడాయికి, పోయి వచ్చినవాడు. ఇరాక్‌లోని బస్రాలో రెండేండ్లు ఉన్నాడు. అక్కడ తుపాకి పట్టలేదు, రంపమే పట్టానని నిజాయితీగా చెప్పేవాడు. తుపాకి లేనివాడు లడాయి నుంచి ఎట్లా బతికి వస్తాడని ఊరి తర్కం. తుపాకులున్నవాళ్లే రాలేదని ఆయన జవాబు. ఈ వాదం తేలకుండానే ఆయనకు లడాయి లింబాద్రి అనే బిరుదు స్థిరపడిపోయింది.

బస్రా ఫౌజు దవాఖానలో ఆయన మరమ్మతు చేసింది దెబ్బ తగిలినవాళ్లను మోసే మంచాలు. రెండు పొడుగాటి వాసాలు, నడుమ మందపాటి గుడ్డ, కింద నాలుగు పొట్టి కాళ్లు. ముందూ వెనకా చేతుల్తో పట్టుకుని నడిస్తే రోగి కడుపులో నీళ్లు కదలవు. పంతొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం వానకాలంలో, కామారెడ్డి దవాఖానకు బయలుదేరిన ఒక ఎడ్లబండి రెండు రోజులు బురదలో కూరుకుపోయింది. విసిగిపోయిన రోగి జబ్బు సంగతి మరిచి నడిచి ఇంటికొచ్చేశాడు. రోగులందరికీ అంత ఓపిక ఉండదని తలచిన లింబాద్రి మంచి టేకు తెచ్చి, ఊరి కోసం అలాంటి మంచం ఒకటి చేశాడు. దానికి దవాఖాన మంచమని పేరు పెట్టాడు.

పక్కింటి ముసలమ్మ సాలవ్వ వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎంత నున్నగ చెక్కితె ఏంది బిడ్డా, పండవెట్టి మోస్తె అది పాడెనే. నేను నడిచి సస్త గని దీని మీద బతుక."

ఊరి తీర్పు కూడా అదే అయింది. లింబాద్రి మాత్రం కుమ్మరి హన్మండ్లు మొదలుగా నలుగురిని పోగుచేసి, ప్రతి ఆదివారం మంచం మీద వడ్ల బస్తా పెట్టి కవాతు చేయించేవాడు. ఊళ్లో ఎవరు పోయినా పాడె మోసేది కూడా ఈ నలుగురే. సేవకు ముందుకొచ్చేవాళ్లు ఏ ఊళ్లోనైనా నలుగురే కదా ఉంటారు. మూడేండ్లలో ఆ మంచమెక్కిన రోగి వడ్ల బస్తా ఒక్కటే. అది ఏనాడూ నొప్పి అనలేదు.

ముప్పై నాలుగు శ్రావణంలో, చావడి కప్పు మీద పెంకులు సర్దుతూ లింబాద్రి కాలు జారి కిందపడ్డాడు. తొడ ఎముక విరిగింది. కట్లు కట్టేవాడు వచ్చి చూసి, ఇది తన చేతిలో లేదు, కామారెడ్డికి తీసుకుపొమ్మన్నాడు. బాటంతా బురద, పన్నెండు కోసుల దూరం. గంగాబాయి బండి కట్టమంది. లింబాద్రి ససేమిరా అన్నాడు. తన మంచం మీద తానే పోయి ప్రాణంతో తిరిగొస్తే రేపు ఊరంతా దాన్ని నమ్ముతుంది. దారిలో తనకేమైనా అయితే అది కలకాలం పాడెగానే మిగిలిపోతుంది. అందుకని నలుగురికీ హుకుం జారీ చేశాడు.

"చేతుల్ల పట్టుకోవాలె, భుజం మీదికెత్తద్దు. నేను మాట్లాడుకుంట పోత. సూసినోళ్లకు నేను బతికున్నట్టు తెల్వాలె."

అంతా సవ్యంగానే జరిగేది. కానీ నొప్పి తెలియకుండా ఉంటుందని హన్మండ్లు స్నేహధర్మంగా రెండు ముంతల కల్లు తాగించాడు. బజారు మొదట్లో లింబాద్రి అటూ ఇటూ ఫౌజు సలాములు కొట్టాడు. బజారు నడుమ ఒక చెయ్యి మాత్రం లేచింది. బజారు చివరికి వచ్చేసరికి గురక కూడా లేదు. వడ్ల బస్తా కంటే లింబాద్రి చాలా బరువు. చేతులు పట్టేయడంతో నలుగురూ మంచాన్ని భుజాలకెత్తారు. అది చూసి ఒక దుకాణదారు తలపాగా తీశాడు. ఇంకొకరు తలుపు సగం మూశారు. ఒక ఇల్లాలు ఎందుకైనా మంచిదని గుప్పెడు పేలాలు చల్లింది. వాగు దగ్గరికి వచ్చేసరికి సగం ఊరు వెనకాల నడుస్తోంది, సాలవ్వ అందరికంటే ముందు.

వాగు ఒడ్డున ఒక బల్లపరుపు బండ ఉంది. ఊరి దింపుడు కల్లం అదే. పాడెను అక్కడ ఒకసారి దించి, ఒకవేళ ప్రాణం ఉందేమోనని చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలకకపోతే ముందుకు సాగుతారు. ఇరవై ఏండ్లుగా ఆ నలుగురి కాళ్లకు అదే అలవాటు. కాళ్లు ఆగాయి, మంచం దిగింది. దిగిన తర్వాత పిలవకుండా ఎత్తితే అరిష్టం.

హన్మండ్లు గొంతు సవరించుకుని పిలిచాడు. పలుకు లేదు. రెండోసారి పిలిచాడు. గుంపులో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో పిలుపు కోసం హన్మండ్లు నోరు తెరిచాడు గానీ, దాని తర్వాత ఏమవుతుందో తలచుకుని మళ్లీ మూసుకున్నాడు. గంగాబాయి అతన్ని పక్కకు జరిపింది. భర్త పేరు ఆమె పుట్టి బుద్ధెరిగి పలకలేదు, ఇప్పుడూ పలకలేదు. వంగి చెవిలో అంది:

"ఇగో, ఇంటున్నవా. సాలవ్వ నీ బాడిసె తీస్కపోయింది. పొయ్యిల కట్టెలు కొడుతుందట."

లింబాద్రి మోచేతుల మీద లేచాడు.

"ఎవలియ్యమన్నరు దానికి? చేతులిరగ్గొడుత."

"నేనెప్పుడు తీస్కపోయిన్నే గంగా," అంది సాలవ్వ, నిండు సభలో అన్యాయంగా దోషి అయినదాని గొంతుతో.

లింబాద్రి అప్పుడు చుట్టూ చూశాడు. వాగు, బండ, తలపాగాలు తీసిన ఊరు కనిపించాయి. తన గుండెల మీది పేలాలు ఏరి పక్కన పెట్టాడు.

"ఎత్తుండ్రి. చేతుల్ల."

రెండు నెలల తర్వాత కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఊరు మంచాన్ని ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. బండ దగ్గర దించి పిలవాల్సిందే, పలికిన తర్వాతే కామారెడ్డి. ఫౌజులో ఇట్లాంటి నియమం లేదని లింబాద్రి ఏడాదిపాటు పోట్లాడి ఓడిపోయాడు. ఓడిపోయాక, పిలిచే పని తానే తీసుకున్నాడు.

మరుసటేడు సాలవ్వకే చలిజ్వరం వచ్చింది. నడిచి చచ్చే ఓపిక లేక మంచమెక్కింది. బయలుదేరే ముందు లింబాద్రి ఆమె కోడలిని పక్కకు పిలిచి, వైద్యుడిలా గంభీరంగా అడిగాడు.

"అవ్వ బాడిసె ఏందమ్మా?"

కోడలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తొక్కు జాడి."

బండ దగ్గర లింబాద్రి కర్ర మీద వాలి వంగాడు. అవ్వ పేరు పిలిచి, కోడలు మామిడి ఊరగాయ జాడి మూత తీసిందని మెల్లగా చెప్పాడు. సాలవ్వ లేచి కూర్చుంది. ఇంటికి పోతానంది. ఇంత చక్కగా లేచింది కదా, ఇక దవాఖాన ఎందుకని హన్మండ్లు అడిగాడు. నియమం నియమమేనని లింబాద్రి మంచం ఎత్తించాడు. కామారెడ్డి దాకా పన్నెండు కోసులూ ఆ జాడిలో ఎన్ని ముక్కలున్నాయో సాలవ్వ లెక్క చెబుతూనే పోయింది.