తాడు మీద బతికున్న ముఖం

న్యూ ఆర్లీన్స్‌లో ఆ పేటలో ఎవరైనా పోతే, పూలకంటే ముందు డెల్ఫీన్ దుకాణానికి ఫోటో వస్తుంది. ఆ ముఖాన్ని చొక్కాల మీద అచ్చువేసి, వెనక మబ్బులు పెట్టి, అంత్యక్రియల నాటికి ఇంటిల్లిపాదికీ అందించడం ఆమె పని. బడి మానేసి మేనమామ దగ్గర నేర్చుకుంది. పుట్టినరోజులకీ ఆ యంత్రమే, ఆ మబ్బులే.

కిందటి వేసవిలో క్లేర్ అనే అమ్మాయి కెమెరాతో వచ్చింది. తుపాకులకు బలైనవాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తున్నానంది. తీయడం అయ్యాక, బయట ఎక్కడా వేయకముందే చర్చి హాల్లో పేటవాళ్లకు చూపించింది.

తెరమీద తన దుకాణం కనపడగానే డెల్ఫీన్ ముందుకు వంగింది. తన కొట్టు ఇంత దిగులుగా ఉంటుందా? ఆ రోజు రేడియో మోగుతోంది, తను పకపకా నవ్వుతోంది. ఇక్కడేమో పియానో తప్ప చప్పుడే లేదు. ఎలా చేశారబ్బా అనుకుంది. కోపం రాలేదు; తెలుసుకోవాలనిపించింది.

తాడుకు వేలాడదీసిన చొక్కాల వెంట కెమెరా మెల్లగా సాగింది. ఒక చొక్కా మీద, వీధి మలుపులో ఎవరో కాల్చి చంపిన కుర్రాడు టెరెల్ కనిపించాడు. అతని భుజానికి ఆనుకుని, అవే మబ్బుల మధ్య, పక్క చొక్కా మీద పేట పెద్దావిడ మిస్ ఎర్నెస్టీన్.

మిస్ ఎర్నెస్టీన్ హాల్లో ముందు వరసలో కూర్చుని వేయించిన చేప తింటోంది.

"ఓరి దేవుడా! నన్నెప్పుడు చంపారే?" అంది. "మరి మొన్న సోమవారం మీకు ఎర్ర చిక్కుళ్లు వండిపెట్టిందెవరు?"

"దయ్యమే! అందుకే అంత ఉప్పు!" అన్నారెవరో వెనకనుంచి.

హాలంతా గొల్లున నవ్వింది. అది ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజు చొక్కా. క్లేర్ ముఖం పాలిపోయింది. "క్షమించండి, మిస్ ఎర్నెస్టీన్. ఆ ముక్క తీసేస్తాను."

"తీసేస్తే నా కొడుకెక్కడ?" అంటూ టెరెల్ తల్లి యోలాండా లేచింది. షూటింగప్పుడు ఆమె కెమెరా ముందు మాట్లాడనంది, క్లేర్‌కి ఫోటో ఇవ్వనంది. సినిమా మొత్తంలో కొడుకు కనిపించేది ఆ చొక్కా మీదే.

"పక్కనున్నావిడను కత్తిరిస్తే అతని చెంప కూడా పోతుంది," అంది క్లేర్. డెల్ఫీన్ వైపు తిరిగింది. "కొట్టు మీది. మీరు వద్దంటే తీసేస్తాను, ఉంచమంటే ఉంచుతాను."

అందరూ తనకేసే చూస్తున్నారు. ఉంచితే అబద్ధం, తీస్తే టెరెల్ ఉండడు. డెల్ఫీన్ గొంతు సవరించుకుంది. "ఇంకోసారి వెయ్యమ్మా. చూస్తాను."

ఈసారి పియానో వినకుండా ముఖాలే చూసింది. టెరెల్ తర్వాత వచ్చిన ముసలాయనను గుర్తుపట్టింది.

"ఇతన్ని ఎవరూ కాల్చలేదు. షుగరుతో పోయాడు."

"మీరు చెప్పలేదు," అంది క్లేర్ మెల్లగా.

"నువ్వడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు." డెల్ఫీన్ తెరకేసి తిరిగింది. "ఏ ముఖమూ తీయకు. పియానో తీసెయ్. ఎవరెవరో నేను చెప్తా. షుగరని చెప్తా, పుట్టినరోజని చెప్తా."

"జనం నవ్వుతారు, మిస్ డెల్ఫీన్. నవ్వుతున్నప్పుడే టెరెల్ కనిపిస్తే..."

"నవ్వనీ," అంది యోలాండా. "మిస్ ఎర్నెస్టీన్ పక్కన నా కొడుకు నవ్వకుండా కూర్చున్నదెప్పుడు?"

డెల్ఫీన్ మాటలు రికార్డు చేయడానికి క్లేర్ అక్కడికక్కడే మైకు తగిలించింది. మిస్ ఎర్నెస్టీన్ చేప పక్కన పెట్టి, "నోళ్లు మూయండర్రా! మళ్లీ చచ్చే ఓపిక నాకు లేదు," అని హాలును గదిమింది.

డెల్ఫీన్ మైకును చేత్తో మూసి యోలాండాను అడిగింది: "నీ బిడ్డ గురించి ఏం చెప్పను?"

"కాల్చారని చెప్పు, దాచకు. కానీ ముందు పేరు."

"టెరెల్," అంది డెల్ఫీన్ మైకు మీంచి చెయ్యి తీసి, అంత్యక్రియల్లో పలికే గొంతుతో.

యోలాండా తల అడ్డంగా ఊపింది. "అలా కాదే. వాడు వీధి చివరుంటే, అన్నానికి ఎలా పిలుస్తావు? అలా."

డెల్ఫీన్ గుండెనిండా ఊపిరి తీసుకుని, గట్టిగా పిలిచింది.