క్రాంజీలో నా మీద పట్టిన గొడుగు

ఆ రోజుల్లో, అంటే పెళ్లికి ముందు ఈ దీవిదేశానికి కొత్తగా వచ్చి బెడోక్‌లో నలుగురం ఒక ఫ్లాట్ పంచుకున్న రోజుల్లో, నాకు రెండే సుఖాలు: ఆదివారం సైకిలు తొక్కడం, రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఐరోపాలో జరిగిన సైకిలు పందేల గురించి చదివి ఎదుటివాళ్లకు చెప్పడం. రెండోది ఎదుటివాళ్లకు సుఖంగా ఉండేది కాదు. ఆనాటి వీరులు భుజం మీద జంధ్యంలా స్పేరు టైరు వేసుకుని మట్టిరోడ్ల మీద కొండలెక్కేవారని, గేరు మార్చాలంటే దిగి వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవారని, ఏది విరిగినా తామే బాగుచేసుకోవాలని, మరొకరు చెయ్యి వేస్తే శిక్ష పడేదని నేను చెబుతుంటే, మా సైకిలు జట్టు కెప్టెన్ (అందరికంటే ఖరీదైన సైకిలు ఉందన్నది తప్ప మరే అర్హతా లేదు) అందరి ముందూ ఆవులించి, "బావా, నోటితో తొక్కినంత కాళ్లతో తొక్కితే ఎప్పుడో చాంపియన్‌వి" అన్నాడు. ఆ ఆవులింత నాకింకా కనిపిస్తుంది, వెనక పన్నులోని వెండి సిమెంటుతో సహా.

అక్కడికక్కడే సవాలు విసిరాను. బెడోక్ నుంచి దీవి అవతలి కొసన క్రాంజీలో కప్పలు పెంచే ఫారం గేటు దాకా, పాతకాలం నియమాలతో పందెం. ఎవరి సాయమూ, ఏ రకంగానూ తీసుకోకూడదు. (ఈ నియమం నేనే పెట్టాను. పట్టుబట్టి పెట్టాను.) ఆ పందేల్లో ముందున్నవాడు పసుపు చొక్కా వేసుకునేవాడు కనుక లిటిల్ ఇండియాలో ఒక పసుపు టీషర్టు కొన్నాం. గెలిచినవాడు ఏడాదంతా అది తొడుక్కుని జట్టుకు ముందు తొక్కాలి. కెప్టెన్ భార్య, మా అందరికీ అక్క, పులిహోర డబ్బాతో గేటు దగ్గర అంపైరుగా కూర్చుంది.

నమ్మండి, ఆ రోజు నేను గాలిలా పోయాను. గేటు కనిపిస్తుండగా వెనక టైరు పంక్చరైంది. వెంటనే వాన. బస్‌స్టాప్ పక్కన చక్రం ఊడదీస్తుంటే, బస్సు కోసం నిలబడ్డ శ్రీకాకుళం పెద్దాయన, ఆదివారం సెలవుకు పనివాళ్ల డార్మిటరీ నుంచి బయల్దేరినవాడు, నా మీద గొడుగు పట్టాడు. రూల్ ఒప్పుకోదండీ, వద్దన్నాను.

"వానకి రూలేటి బాబూ?"

నేను పక్కకు జరిగాను. గొడుగూ జరిగింది. సైకిలు చుట్టూ తిరిగాను. ఆయనా తిరిగాడు, నవ్వుతూ. ఆ ప్రదక్షిణాల్లోనే టైరు మార్చి, వెనక నుంచి అంతా చూస్తూ వస్తున్న కెప్టెన్ కంటే ముందే గేటు ముట్టుకున్నాను. టీషర్టు కోసం చెయ్యి చాచేలోగా, గొడుగు సాయం కిందికే వస్తుందన్నాడు కెప్టెన్. గొడుగు పంక్చరు వేసిందా అని నేను. ఇంతలో ఎవరు గెలిచారో చూద్దామని ఆ పెద్దాయనే నడిచొచ్చాడు. అక్క ఆయన్నే అడిగింది.

"సాయమే కదమ్మా, మరేటి?" అన్నాడాయన, ఎంతో సంతోషంగా. "పాపం, కుర్రోడు తడిసిపోతన్నాడు."

టీషర్టు కెప్టెన్‌కు పోయింది. నాకు పులిహోర మిగిలింది. (ఉప్పు తక్కువ. ఆ మాట అప్పుడే చెప్పాను.)

ఇప్పటికీ ఎక్కడ కలిసినా అప్పీలు చేస్తూనే ఉన్నాను. "నాన్నా, వదిలెయ్ లా" అంటుంది మా అమ్మాయి, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలించి. వదలను. ఆ టీషర్టు కెప్టెన్ ఇంట్లో సైకిలు తుడిచే గుడ్డ అయిందని తెలిసి, వెళ్లి సగం చింపించుకుని తెచ్చుకున్నాను. దాంతో గొలుసు తుడుస్తుంటే బయట వాన పడితే చాలు, చక్రం చంకన పెట్టుకుని గొడుగుకు దొరక్కుండా పరిగెడుతున్న ఆ కుర్రాడు కళ్ల ముందుకొస్తాడు. వాడికి చెప్పాలనిపిస్తుంది, ఒక్క నిమిషం నిలబడరా, హాయిగా ఉంటుంది అని. వాడు వినడు.