ఊడని కుట్టు

గుర్రపుసాలలో జీనులు కుట్టే ఆవిడను అందరూ సూదమ్మ అనేవారు. చేతిలో సూదికన్నా నోట్లో సూదికే ఎక్కువ జడిసేవారు. కళ్ళు నెత్తికెక్కిన రౌతు ఎవడైనా జీను విసిరేసి పోతే, "గుర్రం నిన్ను మోస్తోందనుకుంటున్నావా నాయనా? మోస్తున్నది దాని పొట్టకింద నా కుట్టు" అనేది. ఎంత పొగరుబోతైనా ఆ మాటతో నేలకు దిగేవాడు.

అలాంటి మనిషిని ఆ సాయంత్రం కూతురు ఇరుకున పెట్టింది.

"రేపు కూలి పెంచమని మిల్లు ఆడవాళ్ళమంతా గేటు ముందు కూర్చుంటాం. మీ సాల రౌతులు మామీదికి గుర్రాల్ని తోలుతారట" అంది కూతురు. "అమ్మా, జీనుల పొట్టపట్టీల కుట్లు నాలుగు తెంపెయ్యవే. వాళ్ళే దొర్లిపడతారు."

"ఆ రౌతుల్లో మీ బావున్నాడే!"

"బావ జీను వదిలెయ్."

"జీనుల మీద పేర్లుంటాయిటే? పొద్దున్నే ఎవడికి ఏది దొరికితే అది. నువ్వే ఇంట్లో ఉండరాదూ?"

"నీ కడుపున పుట్టి నోరు మూసుకోమంటావా?"

తెల్లవారాక సూదమ్మ జీనుల కుప్ప దగ్గర కత్తి పట్టుకు కూర్చుంది. మేనల్లుడు తల్లి పోయాక ఆవిడ చంకలోనే పెరిగాడు. ఏ పట్టీ మీద కత్తి పెట్టినా వాడి మెడే కనిపించింది. కత్తి పక్కన పడేసింది. ఈలోగా రౌతులు వచ్చి జీనులు బిగించి ఎక్కేశారు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందట. ఇవాళ ఎవడూ మెత్తబడొద్దు" అన్నాడు పెద్దరౌతు.

సూదమ్మ వెళ్ళి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి! ఒక పట్టీ కుట్లు సగానికి తెంపాను. ఎవడికిందుందో నాకూ తెలీదు."

ఆ కుట్టు జీను మడత లోపల ఉంటుంది. జీను విప్పితే గాని కనపడదు. రౌతులందరి తొడలూ బిగుసుకుపోయాయి.

"బెదిరిస్తోంది! నిజమైతే నీ మేనల్లుడి మీద ఒట్టెయ్యి" అన్నాడు పెద్దరౌతు.

ఒక్క కుట్టు వంకరపోతే వరుసంతా విప్పి మళ్ళీ కుట్టే మనిషి తన అత్త, కావాలని తెంపే మనిషి కాదు. ఆ సంగతి మేనల్లుడికి తెలుసు. వాడు ఒక్క నవ్వు నవ్వితే చాలు, కూతురు డెక్కల కింద పడుతుంది. ఒట్టేస్తే వాడేమవుతాడో! సూదమ్మ నోరు తెరిచింది.

"ఒట్టెందుకు? నేను దిగుతున్నా" అని వాడు గుర్రం మీంచి జారాడు.

వాడి వెనకే ఒక్కొక్కడూ దిగాడు. అందరికన్నా ఆఖరున, ఎవరూ చూడలేదనుకుని, పెద్దరౌతు దిగాడు.

జీనులన్నీ విప్పి, పట్టీలన్నీ లాగి చూసేసరికి పొద్దెక్కింది. మిల్లు గేటు తెరిచారనీ, యజమాని ఆడవాళ్ళను మాటలకు లోపలికి పిలిచాడనీ కబురొచ్చింది. పట్టీల్లో ఒక్క పోగు తెగలేదు. పెద్దరౌతు అత్తనీ మేనల్లుడినీ కలిపి వీధిలోకి గెంటించాడు.

"పనిపోతే పోయింది గానీ, మెడ నిలిచింది" అన్నాడు వాడు నడుస్తూ. "అత్తా, నేను దిగకపోతే ఒట్టేసేదానివా?"

సూదమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"నోరైతే తెరిచానురా. ఏ మాట వచ్చేదో నాకే తెలీదు."